నారుమడి డిస్కు

విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిన మరుసటి ఏడాది వేసవిలో, మా సంస్థ నన్ను అక్కడి గోదాముకు సిస్టమ్స్ మేనేజరుగా వేసింది. మాది ఎగుమతి సరుకుల ఏజెన్సీ. షాద్‌నగర్ వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చే మందుల పెట్టెలు, యంత్రాల విడిభాగాలు, కాలం వస్తే మామిడిపళ్లు, అన్నీ మా గోదాములో దిగేవి. వాటిని తూకం వేసి, బిల్లు కొట్టి, విమానం ఎక్కించేవాళ్లకు అప్పజెప్పడం దాకా మా బాధ్యత. ఆ బిల్లును ఎయిర్‌వే బిల్లు అంటారు. అది లేనిదే ఏ పెట్టె కూడా మా గడప దాటదు. ఆ బిల్లు కొట్టే కంప్యూటర్లు నడుస్తూ ఉండేలా చూడడం నా ఉద్యోగం.

ఈ మాట చెప్తే ఇప్పటికీ కొందరు తమ ఫోను తీసి నా చేతిలో పెడతారు. నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణి కానని చెప్పి చెప్పి విసిగిపోయాను. అసలు ఏం చేసేవాణ్ణో ఒక్క ఉదాహరణతో చెప్పేస్తే అందరికీ సుఖం అనిపించి ఇది రాస్తున్నాను. పైగా నా సర్వీసులో పూర్తిగా, కడుపునిండా గెలిచిన సందర్భం ఇది. దాన్ని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

శాఖకు పెద్ద జనరల్ మేనేజరు గారు, మా వాడుకలో జి.ఎం. గారు. కాకినాడ మనిషి. మాట మర్యాద, పనిలో పట్టుదల, కళ్లతో చూస్తే తప్ప దేన్నీ నమ్మని స్వభావం. ఆయన కింద నేను. నా కింద ఒకే ఒక్క సపోర్ట్ ఇంజినీరు, మంజుల. ఊరు పాల్మాకుల, ఇంట్లో వ్యవసాయం. డిప్లొమా చేసి మా దగ్గర చేరింది. అప్పటికింకా ప్రొబేషన్‌లో ఉంది, అంటే పని నచ్చకపోతే కారణం చెప్పకుండానే పంపించేయవచ్చు. పని వచ్చిన పిల్ల. నోరు కూడా ఉంది. తప్పు అనిపిస్తే ఎదుట ఉన్నది ఎవరని చూసేది కాదు. ఆ గుణం ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు అంత మంచిది కాదని నేను ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను.

ఆ వేసవిలో మా కంప్యూటర్లకు జబ్బు పట్టింది. జి.ఎం. గారు దాన్ని వైరస్ అన్నారు. మా వృత్తిలో దాన్ని వార్మ్ అంటాం, పురుగు. తేడా చిన్నది కాదు. వైరస్ ఏదో ఒక ఫైలును పట్టుకుని తిరుగుతుంది, ఆ ఫైలును మనిషి తెరవాలి. పురుగుకు మనిషి సాయం అక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో చేరిందంటే, నెట్‌వర్క్ కేబుల్ వెంట తనంతట తానే పాకి పక్కదానిలో దూరుతుంది. అయితే దూరడానికి ఒక కన్నం కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల వ్యవస్థ, అందులో అప్పటికి అలాంటి కన్నం ఒకటి ఉంది. దాన్ని పూడ్చే అప్‌డేట్‌ను తయారుచేసినవాళ్లు అంతకుముందే విడుదల చేశారు కూడా.

జబ్బుపడ్డ యంత్రానికి మా వైద్యం ఒక్కటే. హార్డ్ డిస్కును పూర్తిగా తుడిచి, కంపెనీ బీరువాలో ఉన్న డిస్కుతో సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించడం. తర్వాత నెట్‌వర్క్‌కు కలిపి, ఆ డిస్కు వచ్చిన నాటి నుంచి ఇన్నేళ్లుగా పోగుపడ్డ అప్‌డేట్లన్నీ దించుకోవడం. మంజుల అదే చేసింది. బిల్లింగ్ కౌంటర్ల యంత్రాలు ఒక్కొక్కటీ తుడిచి ఎక్కించింది. ఒక్కొక్కటీ మళ్లీ జబ్బుపడింది. బిల్లులు చేత్తో రాసే పరిస్థితి వచ్చింది. లారీలు గేటు బయట వరసకట్టాయి. హమాలీల మేస్త్రీ యాదయ్య పొద్దుట నుంచీ పని లేక, తన మనుషులతో గోదాము నీడలో కూర్చుని మా కిటికీ వైపు చూస్తూ ఉండేవాడు.

జి.ఎం. గారి కంటికి ఇందులో ఒక్కటే కనిపించింది. మంజుల చేయిపెట్టిన ప్రతి యంత్రమూ మళ్లీ పాడవుతోంది. ఆమె దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది, కౌంటర్ల మధ్య ఫైళ్లు దానితోనే మోస్తుంది. ఇంకేం కావాలి? పెన్‌డ్రైవ్ లాక్కుని తన సొరుగులో పెట్టి తాళం వేశారు. శనివారం సమీక్ష సమావేశం దాకా మంజుల ఏ కంప్యూటరునూ ముట్టుకోకూడదని నోటిమాటగా ఉత్తర్వు వేశారు. సమావేశంలో ఆమె ప్రొబేషన్ ముగించి పంపించేద్దామని నాతో విడిగా అన్నారు. ఇంకో ఏజెన్సీ ఆమెను తీసుకోవాలంటే ముందు మాకే ఫోను చేసి అడుగుతుంది. మేం ఏం చెబుతామో తెలిసిందే. శంషాబాద్‌లో ఈ పని చేసేవాళ్లందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు.

మంజుల నా గదికి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెన్‌డ్రైవ్ పెట్టిన సార్, లేదంట లేను. కానీ నేను పెట్టకముందుకే ఆ మిషిన్లకు మళ్ల వచ్చింది. గా ముచ్చట చెప్తే ఎవలింటున్నరు?"

నేను విన్నాను. వినడానికి కారణం దయ కాదు. అంతకు ముందురోజు ఒక యంత్రాన్ని స్వయంగా నేనే తుడిచి ఎక్కించాను. పెన్‌డ్రైవ్ ఊసే లేదు. నెట్‌వర్క్‌కు కలిపి అప్‌డేట్లు దించడం మొదలుపెట్టానో లేదో, పురుగు వచ్చేసింది. అప్పుడు బుర్రకు తట్టింది. మా డిస్కు పాతది. దానితో పుట్టిన యంత్రం ఆ కన్నంతోనే పుడుతుంది. కన్నం పూడ్చే మందు నెట్‌వర్క్ అవతల ఉంది. మందు తెచ్చుకోవడానికి తలుపు తీస్తే, మందు కంటే ముందు పురుగు లోపలికొస్తోంది. మంజుల చేసినా, నేను చేసినా, ఆ డిస్కు తయారుచేసినవాళ్లే వచ్చి చేసినా అంతే.

దీనికి మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. అప్‌డేట్లను తర్వాత తెచ్చి వేయకుండా, ఇన్‌స్టాలేషన్ డిస్కులోని ఫైళ్లలోనే ముందుగా కలిపేసి, కొత్త డిస్కు కాల్చడం, అంటే ఖాళీ డిస్కు మీదికి రాయడం. దాన్ని స్లిప్‌స్ట్రీమింగ్ అంటారు. ఆ డిస్కుతో పుట్టిన యంత్రం కన్నాలు పూడ్చుకునే పుడుతుంది. మా సంస్థకు ఎన్ని యంత్రాలకైనా చాలే లైసెన్సు ఉంది కాబట్టి అందులో దొంగతనం ఏమీ లేదు. ఇబ్బంది ఒక్కటే. ఆ డిస్కును జబ్బు సోకని చోట తయారుచెయ్యాలి.

పెట్టెలు కూడా విప్పని కొత్త కంప్యూటర్లు స్టోర్‌లో ఉంటే, ఒకదాన్ని నా గదికి తెప్పించాను. నెట్‌వర్క్ కేబుల్ తగిలించలేదు. అప్‌డేట్లన్నీ ఇంట్లో నా సొంత ల్యాప్‌టాప్‌లో దించి, ప్రతి ఫైలుకూ తయారీదారు డిజిటల్ సంతకం ఉందో లేదో చూసి, సీడీలో కాల్చి తెచ్చాను. ఎవరైనా పొరపాటున దానికి ఏదైనా తగిలిస్తారేమోనని, ఒక అట్టముక్క మీద మార్కరుతో రాసి మానిటరుకు అంటించాను: "మడి. ముట్టుకోవద్దు."

మాది తెనాలి దగ్గర. మా అమ్మ మడి కట్టుకుని వంట మొదలుపెడితే, నైవేద్యం అయ్యేదాకా పిల్లలం వంటింటి గడప తొక్కడానికి లేదు. బయటి గాలి తగలకుండా వండాలి అన్నది నాకు ఆ మాటతోనే వచ్చింది. కానీ ఆ అట్ట చదివినవాళ్లలో సగం మంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. వాళ్లకు మడి అంటే వరి వేయడానికి గట్లు కట్టి నీళ్లు పెట్టిన పొలం ముక్క. యాదయ్య బిల్లుల సంగతి అడగడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ అట్టను కూడబలుక్కుని చదివి, ఏమాత్రం నవ్వకుండా అడిగాడు.

"ఏంది సార్, నాటెప్పుడేస్తున్నరు?"

ఆఫీసు మొత్తం నవ్వింది. కోస్తా వాళ్లు ఒకందుకు, ఇక్కడి వాళ్లు ఇంకొకందుకు. నేను కూడా నవ్వాను. మంజుల మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్లాక నెమ్మదిగా అడిగింది.

"సార్, మా దిక్కు మడి అంటే అందరు కాలు పెట్టేది. మీ దిక్కు మడి అంటే ఎవ్వలు ముట్టొద్దనేది. ఇది ఏ మడి?"

ఆమెను కంప్యూటర్లు ముట్టుకోవద్దని జి.ఎం. గారు అన్న మర్నాడే నేను ఈ అట్ట పెట్టాను. నా దృష్టిలో ఆ రెండింటికీ సంబంధం లేదు. ఆమె దృష్టిలో ఎందుకు ఉండదు? కత్తెర తీసి, అట్టలో "ముట్టుకోవద్దు" అన్న భాగం కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. "మడి" మిగిలింది. ప్రస్తుతానికి ఇది మా అమ్మ మడి, శనివారం నుంచి మీ మడి అన్నాను.

ఆమె ఆ అట్టనే చూస్తూ అంది. "అయితే నారుమడి అనుండ్రి సార్. నారు ఒక్కకాడనే పోస్తం. పీకి అన్ని మళ్లల్ల నాటుతం. నారుకు తెగులుంటే పొలమంతా తెగులే."

మా పని ఇంతకంటే బాగా నేను ఎప్పుడూ ఎవరికీ వివరించలేదు. మార్కరు తీసి "మడి" ముందు "నారు" చేర్చాను. డిస్కు పేరు అప్పుడే ఖాయమైపోయింది.

ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి ఆమె కీబోర్డు ముట్టుకోలేదు. నా కుర్చీ వెనక ఇంకో కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుని, అప్‌డేట్ల పేర్లు విడుదలైన వరసలో చదివింది. నేను కొట్టాను. పద్ధతి ఇది. ముందు పాత డిస్కులోని ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులో ఒక ఫోల్డరులోకి తీసుకోవాలి. దానిలో మొదట సర్వీస్ ప్యాక్ కలపాలి. అది చాలా అప్‌డేట్లను ఒకే మూటగా కట్టి ఇచ్చేది. దాని తర్వాత వచ్చిన చిన్న చిన్న అప్‌డేట్లను ఒక్కొక్కటిగా, పాతవి ముందు, కొత్తవి వెనక. వరస తప్పితే ఏ కొత్త ఫైలు మీద ఏ పాత ఫైలు పడుతుందో చెప్పలేం. నా టైపింగ్ వేగం చూసి ఆమె వెనకనుంచి నిట్టూర్చడం వినిపించేది. వినపడనట్టు ఊరుకున్నాను.

మొదటి డిస్కు కాల్చి పెడితే యంత్రం దాన్ని అసలు గుర్తించనే లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కులో మొదట చదివే చిన్న భాగం ఒకటుంటుంది, బూట్ సెక్టార్. ఫైళ్లతో పాటు అది రాదు, విడిగా తీసి అతికించాలి. అది మరిచిపోయాను. రెండో డిస్కు మొదలైంది, కొంత దూరం వెళ్లి, హార్డ్ డిస్కు కనిపించడం లేదని నిలిచిపోయింది. పాత సిస్టమ్‌కు ఈ కొత్త రకం హార్డ్ డిస్కులతో మాట్లాడడం తెలియదు. దానికి కావలసిన డ్రైవరు అనే చిన్న ప్రోగ్రామును కూడా కలపాలి. పనికిరాని రెండు డిస్కులనూ యాదయ్య అడిగి తీసుకెళ్లి, పావురాలు బెదరడానికి గోదాము దూలానికి దారం కట్టి వేలాడదీశాడు. నా శ్రమ పూర్తిగా వృథా కాలేదు.

మూడోదానికి డ్రైవరు కలిపాం. ఇన్‌స్టాలేషన్ మధ్యలో అడిగే ప్రశ్నలన్నింటికీ ముందే జవాబులు రాసిన ఒక ఫైలు కలిపాం. దాన్ని ఆన్సర్ ఫైల్ అంటారు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిలోది దానంతట అదే నడిచే సౌకర్యాన్ని ఆపేశాం. మంజుల ఇంకొకటి కలపమంది. ఆ రోజుల్లో ఆ సిస్టమ్‌లో తెలుగు కనబడాలంటే విడిగా ఒక ఎంపిక పెట్టాలి. లేకపోతే హమాలీల కోసం తెరమీద పెట్టే సూచనలు అన్నీ డబ్బాలు డబ్బాలుగా వచ్చేవి. అదీ కలిపాం. చివరన డెస్క్‌టాప్ మీద "నారుమడి" అనే ఒక ఖాళీ ఫోల్డరు కనిపించేలా పెట్టాం. ఆ పేరు అక్షరాలుగా వచ్చిందంటే, అన్నీ సరిగా ఎక్కినట్టు గుర్తు.

మూడో డిస్కు మొదలైంది. దారిలో ఎవరినీ ఏమీ అడగలేదు. తనంతట తాను ఫైళ్లు ఎక్కించుకుంది, తనే ఆగి తనే మళ్లీ లేచింది. నీలిరంగు తెరమీద "నారుమడి" అని నాలుగు తెలుగు అక్షరాలు నిలిచాయి. మంజుల చప్పట్లు కొట్టింది. కీబోర్డు ముట్టుకోవద్దన్నారు గానీ చప్పట్లు వద్దనలేదు కదా అంది.

శనివారం సమావేశానికి నేను ఉపన్యాసం తయారుచేసుకోలేదు. జి.ఎం. గారు చూస్తే తప్ప నమ్మరని తెలుసు. అందుకని సమావేశం బల్ల మీద పక్కపక్కన రెండు కొత్త కంప్యూటర్లు పెట్టించాను. రెండింటి పెట్టెల సీళ్లు ఆయన చేతే విప్పించాను. ఒకదానికి బీరువాలోని పాత డిస్కు. దానికి హార్డ్ డిస్కు కనబడేలా యంత్రం సెట్టింగును పాత పద్ధతికి మార్చడమూ, డిస్కు పెట్టడమూ ఆయననే చెయ్యమన్నాను, మొదటి నుంచి చివరి దాకా ఇంకెవరూ చేయి వేయరని చెప్పాను. రెండోదానికి మా డిస్కు. దాన్ని మంజుల పెడుతుందన్నాను. ఆయన నావైపు ఒకసారి చూశారు. సరే కానివ్వండి అన్నారు.

మంజుల డిస్కు పెట్టి వెనక్కి జరిగి నిలబడింది. జి.ఎం. గారి యంత్రం మాత్రం ఆయనను ఊరికే వదల్లేదు. భాష ఏది అంది, దేశం ఏది అంది, సమయం సరిచూడమంది, లైసెన్సు సంఖ్య కొట్టమంది. ఆయన కళ్లజోడు సవరించుకుంటూ జవాబులు కొడుతుంటే, పక్క యంత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఇది అన్యాయమండీ మూర్తి గారూ అని ఒకసారి నా మీద విసుక్కున్నారు. అప్పటికే సగం గెలిచామని నాకు అర్థమైంది.

రెండూ పూర్తయ్యాక, రెండింటికీ నెట్‌వర్క్ కేబుల్ తగిలించాలి. జి.ఎం. గారు తనదానికి తనే తగిలించుకున్నారు. మంజుల తనదానికి తగిలించింది. అంతటితో ఊరుకోకుండా, సొరుగులో తాళం వేసిన ఆ పెన్‌డ్రైవ్ ఇప్పించమని అడిగాను. ఆయన అనుమానంగానే తెప్పించారు. దానిలో పురుగు ఉందని ముందే చెప్పాను. జబ్బుపడ్డ యంత్రాలకు పెట్టిన ఏ పెన్‌డ్రైవ్‌కైనా అది అంటుకుంటుంది. మంజుల దాన్ని అందరి ముందూ తన యంత్రానికి గుచ్చింది.

టీ తెప్పించారు. టీ తాగుతూ అందరం తెరల వైపు చూస్తున్నాం. పాత డిస్కు యంత్రంలో ఏదో సర్వీసు ఆగిపోయిందని ఒక హెచ్చరిక వచ్చింది. జి.ఎం. గారు దాన్ని మూసేశారు. నేను యాంటీవైరస్ కంపెనీ సైటు తెరవమన్నాను. తెరుచుకోలేదు. మిగతా సైట్లు తెరుచుకుంటున్నాయి, అది ఒక్కటే తెరుచుకోవడం లేదు. ఈ రెండూ ఆ పురుగు గుర్తులని అక్కడున్న అందరికీ అప్పటికి అనుభవంలో తెలుసు. పక్కన మంజుల యంత్రంలో అదే సైటు తెరిచాం, ఇట్టే తెరుచుకుంది. పెన్‌డ్రైవ్ దానికి ఇంకా గుచ్చే ఉంది. యాంటీవైరస్‌తో మొత్తం వెతికించాం. యంత్రంలో ఏమీ దొరకలేదు, పెన్‌డ్రైవ్‌లో మాత్రం దొరికింది.

జి.ఎం. గారు టీ కప్పు బల్ల మీద పెట్టారు. తన యంత్రాన్ని, దాని కేబుల్‌ను, తన చేతులను చూసుకున్నారు.

"మూర్తి గారూ, దీన్ని నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు కదండీ."

లేదండీ అన్నాను. ఇంకో మాట అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. అవసరం లేకపోయింది. ఆయన తెలివైన మనిషి. ముందు ఆయనే నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మంజుల నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ పరేషాన్‌లో ఉన్న పిల్ల.

ఆయన ఉత్తర్వు ఎత్తేశానని ప్రకటించలేదు. మంజుల వైపు తిరిగి, తన ముందున్న యంత్రాన్ని చూపించి, "అమ్మా, దీన్ని కూడా మీ డిస్కుతోనే మొదటి నుంచి చెయ్యండి" అన్నారు. అప్పటిదాకా ఆయన ఆమెను నువ్వు అనేవారు.

ఆ తర్వాత మొదలయ్యాయి మా నాట్లు. మంజుల గోదాము కౌంటర్లతో మొదలుపెట్టింది. డిస్కు పెట్టి వదిలేస్తే చాలు కాబట్టి, ఒకదాని తర్వాత ఒకటి కాకుండా వరస మొత్తానికి ఒకేసారి పెట్టుకుంటూ పోయింది. చేత్తో రాసే బిల్లులు ఆగిపోయాయి. లారీలు కదిలాయి. యాదయ్య మనుషులకు మళ్లీ పని మొదలైంది. తర్వాత గగన్‌పహాడ్ శాఖ, తర్వాత షాద్‌నగర్ బుకింగ్ ఆఫీసు. జి.ఎం. గారే పొద్దున రాగానే "ఇవాళ నాట్లెక్కడమ్మా?" అని అడిగేవారు. ఆ మాట మా సంస్థలో పనిమాటగా నిలిచిపోయింది. కొత్తగా చేరిన ఇంజినీర్లు, ఏ పుస్తకంలోనూ లేని ఈ మాట ఎక్కడిదని తలలు పట్టుకునేవారు. పాత యంత్రాల్లో మిగిలిన చివరి పురుగును మంజులే చంపింది. తెగులు పోయింది సార్ అంది.

ప్రొబేషన్ గడువు తీరకముందే ఆమె ఉద్యోగం ఖాయం చేశారు. నేను రిటైరైనప్పుడు ఆ గది, ఆ కుర్చీ ఆమెకు వెళ్లాయి. మానిటరు మీది అట్టముక్కను మాత్రం ఆమె నాకు ఇవ్వలేదు. అది శాఖ ఆస్తి అంది.

డిస్కుల కాలం పోయింది. ఇప్పుడు అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి, వద్దన్నా వస్తాయి. ఆ పద్ధతిలో ఈనాటివాళ్లు నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. నేను నేర్చుకున్నది మాత్రం ఇంకా పనికొస్తోంది. ఒక వస్తువు చేసినప్పుడల్లా అదే విధంగా పాడవుతుంటే, దాన్ని ఎవరు ముట్టుకున్నారన్నది ఆఖరున అడగాలి. అది దేనితో పుట్టిందన్నది ముందు అడగాలి. ఆ రోజు బల్ల మీద మంజుల చేయి పడిన యంత్రం బాగుంది, జి.ఎం. గారి చేయి పడినది జబ్బుపడింది. తేడా చేతుల్లో లేదు, డిస్కులో ఉంది.